ఆనపబుర్రలో వచ్చిన టీకా మందు

టీకాలు వేసే ఉద్యోగంలో నేను చేరింది ఊళ్ళు తిరగడం సరదాగా ఉంటుందనుకుని. ఆ సరదా మొదటి నెలలోనే తీరిపోయింది. శృంగవరపుకోట దాటి కొండ ఎక్కడం మొదలుపెడితే అనంతగిరి దాకా బండిబాట ఉండేది. ఆ పైన అరకు దాకా ఎద్దులు నడిచే దారి. అరకు దాటాక మేకలకి తప్ప మనుషులకి పనికొచ్చే దారి ఉండేది కాదు. భుజాన సంచీ, అందులో సూదులు, స్పిరిటు సీసా, రెండు పంచెలు, కాసిని అటుకులు. వారానికి ఆరు రోజులు ఎక్కడమో దిగడమో. మా ఇంట్లో వాళ్ళు నాది సర్కారు ఉద్యోగమని నలుగురితో చెప్పుకుని మురిసిపోయేవారు. ఆ ఉద్యోగంలో కూర్చునే పని లేదని నేను వాళ్ళకి చెప్పలేదు.

అప్పటికి సంతల్లో ఇంకా జర్మనీ యుద్ధం కబుర్లు వినిపిస్తూనే ఉన్నాయి. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు నాకు మన్యం జ్వరం పట్టుకుంది. పట్టుకుంటే వదిలే జ్వరం కాదది. రోజు విడిచి రోజు మధ్యాహ్నానికి వణుకు, సాయంత్రానికి ఒళ్ళు పెనం, మర్నాటికి ఏమీ ఎరగనట్టు చెమట. క్వినైను మింగీ మింగీ చెవుల్లో ఎప్పుడూ హోరు. నాకసలే ముక్కు మీద కోపం. జ్వరం వచ్చాక ఆ కోపానికి ఓపిక కూడా లేకుండా పోయింది. కొండవాళ్ళు నన్ను దూరం నించి చూసి పిల్లల్ని అడవిలోకి తరిమేస్తే, తిట్టడానికి కూడా శక్తి లేక బండ మీద కూలబడిపోయేవాణ్ణి. లోలోపల, ఇవాళ్టికి పని తప్పిందని సంతోషపడిన రోజులు కూడా ఉన్నాయి. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ అది నిజం.

మశూచి టీకా మందు మద్రాసు నించి పోస్టులో వచ్చేది. దూడకి ఎక్కించి తీసిన రసం అది. సన్నటి గాజు గొట్టాల్లో పోసి రెండు కొసలూ మూసి, తగరపు డబ్బాలో దూది మధ్య పెట్టి పంపేవారు. ప్రాణంలా చూసుకోవాలని మా పై అధికారి ప్రతిసారీ చెప్పేవాడు. మొదటి ఏడు ఆ డబ్బాని కావిడి మోసేవాడి బుట్టలో పెడితే, వాడు బుట్టని బండ మీద దబ్బున దించి రెండు గొట్టాలు పగలగొట్టాడు. చీవాట్లు నేను తిన్నాను. అప్పటినించి డబ్బాని ఎవరి చేతికీ ఇవ్వడం మానేసి, చొక్కా లోపలి జేబులో, గుండెకి ఆనించి పెట్టుకునేవాణ్ణి. చల్లని చోట ఉంచవలెనని డబ్బా మీద ఇంగ్లీషులో రాసి ఉండేది. చొక్కా లోపల ఎండ తగలదు కదా, నీడే కదా అనుకున్నాను. అంత జాగ్రత్త గల ఉద్యోగి ఆ తాలూకాలో ఇంకొకడు లేడని నాకు కొంచెం గర్వం కూడా ఉండేది.

అరకు దాటి ఒక పూట నడిస్తే కొండ వాలులో ఒక ఊరుంది. ఇరవై ఇళ్ళు కూడా ఉండవు. ఆ ఊళ్ళో ఒకామె ఉండేది. పాతికేళ్ళుంటాయేమో. భర్త అడవి పనికి వెళ్ళి తిరిగి రాలేదని అన్నారు. ఆమెకి నాలుగేళ్ళ కొడుకు, చంకలో కూతురు. నేను మొదటిసారి ఆ ఊరు వెళ్ళినప్పుడు, తక్కిన వాళ్ళంతా పిల్లల్ని దాస్తుంటే ఆమె ఒక్కతే కొడుకుని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి నా ముందు నిలబెట్టింది. సూది అంటే భయం లేదా అని అడిగాను. అమ్మోరంటే ఎక్కువ భయం అంది. ఆమెని చూసి ఇంకో ఆరుగురు ముందుకొచ్చారు. కూతురు మరీ పసిది, ఒళ్ళు వెచ్చగా ఉంది, అంచేత వచ్చే ఏడు వేస్తానన్నాను.

టీకా వేశాక ఎనిమిదో రోజున వెళ్ళి చూడాలని మా నియమం. గాట్లు పెట్టిన చోట పొక్కులు లేచి, వాటిలో రసం నిండితే పట్టినట్టు. చెయ్యి చదునుగా ఉండిపోతే పట్టనట్టు. పట్టకపోతే మళ్ళీ వెయ్యాలి. ఎనిమిదో రోజున వెళ్ళాను. అది జ్వరం రోజు. ఆ వాలు ఎక్కేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. ఏడుగురి చేతులూ చూశాను. అన్నీ చదునే. గాట్లు కూడా మానిపోయి సన్నటి గీతలు మిగిలాయి.

ఆమె తన కొడుకు చెయ్యి పట్టి ముందుకి చాపి, "పట్టిందా బాబూ?" అని అడిగింది.

కాదంటే ఏం చెయ్యాలో నాకు తెలుసు. శృంగవరపుకోట దాకా దిగాలి. కొత్త మందు కోసం రాయాలి. వచ్చాక మళ్ళీ ఈ కొండ ఎక్కాలి, మళ్ళీ ఎనిమిదో రోజున ఇంకోసారి ఎక్కాలి. ఇదంతా ఆలోచించడానికి నాకు ఒక్క క్షణం పట్టింది. "పట్టింది. లోపల పట్టింది," అన్నాను. ఆమె దణ్ణం పెట్టి, నాకు తాగడానికి రాగిపిండితో కాచిన చోడి అంబలి ఇచ్చింది. అదే మాట కాగితం మీద రాసి పంపించాను. ఆ అంబలి చాలా చల్లగా, పుల్లగా ఉంది. రెండు సార్లు అడిగి తాగాను.

ఆ ఏడు ఎండలు ముదిరాక ఆ కొండ మీద మశూచి వచ్చింది. నేను కోటలో మంచం పట్టి ఉన్నాను. వానలు తగ్గాక సంతకి వచ్చిన వాళ్ళు చెప్పారు. ఏడుగురిలో ముగ్గురు పోయారని, ఆమె కొడుకు ఆ ముగ్గురిలో ఒకడని. మందు ఎందుకు పట్టలేదో నాకప్పటికి తెలియదు. కొండ పిల్లల ఒంటి తత్వం అంతేనేమో అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. పట్టిందని అబద్ధం చెప్పిన సంగతికి మాత్రం ఏ సర్దుబాటూ దొరకలేదు. దాన్ని తలుచుకోకుండా ఉండటం నేర్చుకున్నాను.

మరుసటి ఏడు చలి తగ్గే రోజుల్లో అరకు సంతలో, చింతపండు బుట్టల పక్కన కూర్చుని అటుకులు తింటుండగా ఆమె నన్ను వెతుక్కుంటూ వచ్చింది. కూతురు పక్కనే నడుస్తోంది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనిపించింది. ఆమె నా ఎదురుగా గొంతుక్కూర్చుంది.

"మా గుంటడు ఎల్లిపోనాడు బాబూ," అంది.

"విన్నాను," అన్నాను.

"లోపల పట్టిందన్నావు. అయినా అమ్మోరు ఇడిసిపెట్టనేదు. మందు పల్సనైపోనాదేమో. సిక్కటి మందుంటే ఈ గుంటకి ఎయ్యి. పై కొండకి మల్లీ అమ్మోరు వొచ్చీసింది. మా దారికి కంప కొట్టీసినారు. కంప ఎన్నాల్లు ఆపుతాది?"

ఎవరి ఊళ్ళోనైనా అమ్మవారు వచ్చిందని తెలిస్తే చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు తమ దారికి అడ్డంగా ముళ్ళకంప కట్టేస్తారు. లోపలివాళ్ళు ముఖ్యమైన పనికి వెళ్ళి రావచ్చు కానీ బయటివాణ్ణి రానివ్వరు. అక్కడికి వ్యాధి వస్తే ఆ గుంటకి దిక్కు నా సూది ఒక్కటే. ఆమెకి మిగిలింది ఆ పిల్ల ఒక్కతే. ఇప్పుడే వేస్తానని చొక్కాలో చెయ్యి పెట్టి డబ్బా తీశాను.

ఆమె డబ్బా కేసి చూసింది, నా చొక్కా కేసి చూసింది. "అదేటి, సొక్కాలో ఎట్టుకున్నావు?" అంది.

పగిలిపోకుండా అని చెప్పాను. ఆమె వేలితో డబ్బాని ముట్టుకుని చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఏడిగుంది బాబూ. నీ ఒల్లు కాలిపోతంది. ఇది బతికున్న మందా, సచ్చిన మందా?"

కొండవాళ్ళు ఎంతటివాణ్ణైనా నువ్వనే అంటారు, అది నాకు అలవాటైపోయింది. కానీ నా మందు గురించి నన్నే ఎదురు ప్రశ్న వెయ్యడం అలవాటు కాలేదు. మందుకి చావు బతుకులేమిటని కసురుకున్నాను. కసురుకున్నాక, మద్రాసులో మాకు పని నేర్పినాయన ఈ రసంలో ఉన్నది ప్రాణమున్న విషం అని చెప్పడం గుర్తొచ్చింది. బతికున్నదే అని ఒప్పుకున్నాను.

ఆమె చెప్పింది ఇది. వాళ్ళు చోళ్ళతో కల్లు చేసుకుంటారు. దానికి వేర్లూ బియ్యప్పిండీ కలిపి చేసిన మందు ముద్ద వేస్తేనే అంబలి పొంగి కల్లవుతుంది. ఒక ఊరి నించి ఇంకో ఊరికి ఆ తడిముద్ద తీసుకెళ్ళేటప్పుడు ఆడవాళ్ళు దాన్ని కొంగున కట్టుకోరు, చంకన పెట్టుకోరు. కర్ర చివర వేలాడదీసి మోస్తారు. నేనది చాలాసార్లు చూశాను. ఏదో దేవత మొక్కు అనుకున్నాను.

"ఒంటి సెగ తగిల్తే సచ్చిపోద్ది. సచ్చిన మందు ఏస్తే అంబలి అంబలిలాగే ఉంటాది, పొంగదు," అంది ఆమె.

నాకు కోపం వచ్చింది. సర్కారు మందుకీ కల్లు మందుకీ పోలికా అన్నాను. ఆమె వాదించలేదు. ఎక్కడికో వెళ్ళి ఒక తడిముద్ద తెచ్చి, రెండు ముక్కలు చేసి, ఒక ముక్క ఆకులో చుట్టి నా చేతికిచ్చింది. దీన్ని చొక్కాలో పెట్టుకుని మూడు రోజులు తిరగమంది. రెండో ముక్క తన దగ్గర ఎండిన ఆనపకాయ బుర్రలో ఉంటుందంది. కల్లు పేరెత్తితే స్నానం చేసే ఇంట్లో పుట్టినవాణ్ణి నేను. మూడు రోజులు ఆ ముద్దని జందెం పక్కన పెట్టుకుని చుట్టుపక్కల ఊళ్ళు తిరిగాను. మధ్యలో ఒక జ్వరం రోజు కూడా గడిచింది. నా చొక్కా వాసనకి కుక్కలు వెంటపడ్డాయి. ఎందుకు ఒప్పుకున్నానంటే, ఆమె చెప్పింది అబద్ధం కావాలని నాకు చాలా గట్టిగా ఉంది.

నాలుగో రోజున సంతకి దగ్గర ఊళ్ళో, ఆమె చుట్టాలింట్లో, రెండు కుండల్లో ఒకే అంబలి పోసి చెరొక ముద్దా వేసింది. రెండు రోజులు పోయాక వెళ్ళి చూశాం. ఆమె ముద్ద వేసిన కుండ నురగ కక్కుతోంది. నా ముద్ద వేసిన కుండ మీద చీమ ఒకటి తిరుగుతోంది. ఆమె నవ్వింది. చాలా రోజుల తర్వాత నవ్విన మనిషిలా నవ్వింది. నేను మాత్రం అక్కడే కూర్చుండిపోయాను. మూడేళ్ళుగా నేను గుండెకి హత్తుకుని మోసిన మందంతా అలాగే చచ్చి ఉంటుంది. కొండ పిల్లల ఒంటి తత్వంలో ఏ లోపమూ లేదు.

జేబులో ఉన్న డబ్బా ఇక పనికిరాదు కాబట్టి కొత్త మందు పంపమని రాశాను. కోటకి వచ్చేసరికి పది పన్నెండు రోజులు పడుతుంది. ఈలోగా ఆమె ఆ చుట్టాలింట్లోనే ఉండి బుర్ర తయారుచెయ్యడం మొదలుపెట్టింది. కొండవాళ్ళ ఇళ్ళలో ఎండిన ఆనపబుర్రలు నీళ్ళకీ అంబలికీ ఎప్పుడూ ఉంటాయి. పెద్దదాన్నొకటి తీసుకుని, పైతోలు కత్తితో సన్నగా గీకింది. అలా గీకితే నీళ్ళు పోసినప్పుడు బుర్ర ఒళ్ళంతా చెమరుస్తుంది. మీద తడిగుడ్డ చుట్టి గాలికి వేలాడదీస్తే లోపలి నీళ్ళు ఊటనీళ్ళంత చల్లబడతాయి. మందు గొట్టాలు పెట్టడానికి ఒక కణుపు వెదురు తెచ్చి, మూతికి తేనెమైనం పూసి మూసి, నీళ్ళలో ముంచింది.

మొదటిసారి వెదురులో నీళ్ళు దిగాయి. ఎలా తెలిసిందంటే, మందుకి బదులు వెదురులో ఉప్పు పోసి పెట్టింది. మర్నాడు తీస్తే ఉప్పు కరిగిపోయింది. నాకైతే ఆ ఉప్పు ఆలోచన వచ్చి ఉండేది కాదు. ఒకటి రెండు గాజు గొట్టాలు నాశనం చేసి తెలుసుకునేవాణ్ణి. రెండోసారి వెదురు మూతి నీళ్ళ పైకి వచ్చేలా నిలబెట్టి ఈనెలతో బిగించింది. ఉప్పు పొడిగానే ఉంది, కానీ నడుస్తుంటే వెదురు బుర్రకి కొట్టుకుంటోంది. బండల మీద నాచు తెచ్చి చుట్టూ కూరింది. దాంతో చప్పుడు ఆగిపోయింది. మూడోసారి రెండు రోజులు కర్రకి కట్టుకుని ఊరి చుట్టూ తిరిగింది. ఊళ్ళో ఆడవాళ్ళు ఆమెకి పిచ్చెక్కిందన్నారట. అప్పుడప్పుడూ నన్ను పిలిచి, వెదురులో వేలు పెట్టి చూడమనేది. చూసినప్పుడల్లా చల్లగానే ఉండేది.

చాలా ఏళ్ళ తర్వాత మా కచేరీ నించి మాకందరికీ మట్టి తొడుగున్న డబ్బా ఒక్కొక్కటి పంపించారు. తొడుగుని ఎలా తడపాలో, గాలికి ఎలా వేలాడదియ్యాలో రెండు పేజీల ఉత్తర్వు కూడా పంపించారు. అది చదువుతూ నేను పెద్దగా నవ్వితే మా ఆవిడ ఏమైందని వంటింట్లోంచి వచ్చింది. ఏమని చెప్పను.

మందు వచ్చిందని కబురు అందాక ఆమె కూతుర్ని తన ఊళ్ళో తల్లి దగ్గర వదిలి వచ్చి నాతో కోట దాకా దిగింది. పోస్టు కచేరీ అరుగు మీదే గొట్టాలు డబ్బాలోంచి వెదురులోకి మార్చాం. నాచు వాసనకి అక్కడి గుమాస్తా ముక్కు మూసుకున్నాడు. అక్కణ్ణించి ఆమె ఊరికి మూడు రోజుల ఎక్కుడు. కర్ర భుజాన పెట్టుకుని, బుర్ర ఒంటికి తగలకుండా వెనక వేలాడదీసుకుని ఆమె ముందు నడిచేది. నేను వెనకాల ఈడ్చుకుంటూ వచ్చేవాణ్ణి. ప్రతి వాగు దగ్గరా ఆగి పాత నీళ్ళు ఒంపి కొత్తవి పోసేది, గుడ్డ తడిపేది. ఎండ నడినెత్తికి వచ్చే వేళకి ఏదైనా బండ కింద చెమ్మ చోటు వెతికి, బుర్రని కొమ్మకి కట్టి, వెడల్పాటి అడ్డాకుతో విసురుతూ కూర్చునేది. రెండో రోజున నాకు జ్వరం వచ్చింది. పక్కనే వణికి, తరవాత కాలిపోతూ పడి ఉన్న నాకు ఒక్క విసురు విసరలేదు. అంతా బుర్రకే. నాకు ఉక్రోషం వచ్చిందని చెప్పడానికి నవ్వొస్తోంది.

ఆ పూట ఇక లేవలేనన్నాను. రేపు వెళ్దామన్నాను.

"నువ్వుండు బాబూ. మందు ఆగదు. నాను బేగి ఎల్లిపోతాను, నువ్వు నెమ్మదిగా రా," అంది.

సూది వెయ్యడం నీకు వచ్చా అని అడిగాను. "నువ్వు ఎయ్యగా సూసినాను. నువ్వు రాపోతే నానే ఎట్టీస్తాను," అంది. బెదిరింపు కాదు, నిజంగానే అంది. లేచాను. ఈ కొండలు ఎవరు పెట్టారని, ఈ ఉద్యోగం ఎవడు పెట్టాడని దారి పొడుగునా తిట్టుకుంటూ నడిచాను. ఆమె కాళ్ళు కూడా పగిలి నెత్తురు కారుతున్నాయని మర్నాడు వెలుతుర్లో చూశాను.

ఊరి మొగలో ముళ్ళకంప కట్టి ఉంది. ఊరి పూజారిని దిసారి అంటారు. ముహూర్తాలూ మొక్కులూ అన్నీ ఆయన చేతిలోనే. ముసలాయన కంపకి అవతల నిలబడి నా మొహం చూసి, జ్వరం పట్టిన మనిషిని లోపలికి రానివ్వకూడదన్నాడు. అది వాళ్ళ కట్టుబాటు, ఆ కట్టుబాటు తప్పని నేను అనలేను. ఆమె చాలాసేపు వాళ్ళ భాషలో మాట్లాడింది. చివరికి కంపలో చెయ్యి పట్టేంత సందు చేశారు. అవతలి నించి పిల్లలు ఒక్కొక్కరే చెయ్యి ఇవతలికి చాపారు. నేను ఇటువైపు మోకాళ్ళ మీద కూర్చుని సూది వేశాను. మొహాలు కనపడలేదు, చేతులే. కొన్ని చేతులు వణికాయి, కొన్ని లాక్కున్నాయి, కొన్నిటికి కంప గీరుకుంది. పదిహేడు చేతులు. చివరిది ఆమె కూతురిది. ఆ చిన్న చెయ్యి నా వేలు గట్టిగా పట్టేసుకుంది. విడిపించుకోవడానికి కొంచెంసేపు పట్టింది.

నాకు దిగే శక్తి లేదు. కంపకి ఇవతల చేను కాపలా కోసం వేసుకున్న పాక ఒకటి ఉంటే అందులో పడుకున్నాను. ఆమె రోజూ అంబలి తెచ్చి కంప పక్కన పెట్టి వెళ్ళేది. మొదటి మూడు రోజులూ గుంట ఏం చేస్తోందో, ఏం తిందో నించుని చెప్పేది. నాలుగో రోజున గాట్ల దగ్గర ఎర్రగా గింజల్లా లేచాయంది. అయిదో రోజున వాటిలో నీరు కనపడుతోందంది. ఎంత సంతోషంగా చెప్పిందో. నేను పాకలోంచి లేచి కూర్చున్నాను. అదే, అలాగే రావాలి, గోకనివ్వకు అన్నాను.

"ఇలాగే రావాలా?" అని అడిగింది.

ఇలాగే అన్నాను. ఆమె ఇంకేమీ అడగలేదు. ఆరో రోజున అంబలి పెట్టి నించోకుండా వెళ్ళిపోయింది. ఏడో రోజున వేరే ముసలామె తెచ్చింది. పిల్లకి జ్వరం తగిలి ఉంటుంది, టీకా పడితే తగలడం మామూలే అనుకున్నాను. నా తలలో ఇంకో ఆలోచన కూడా మెదిలింది. దాన్ని నేను దగ్గరికి రానివ్వలేదు.

ఎనిమిదో రోజున మళ్ళీ కంప సందులోంచి చేతులు చూశాను. పదిహేడింటిలో పదిహేనింటికి పట్టింది. అంత చక్కగా పట్టిన టీకాలు నేను మద్రాసులో నేర్చుకునే రోజుల్లో తప్ప చూడలేదు. చివరికి ఆమె కూతురి చెయ్యి వచ్చింది. నాలుగు పొక్కులు, నిండుగా, ముత్యాల్లా, చుట్టూ ఎర్రటి వలయం. నాకు కళ్ళంట నీళ్ళొచ్చాయి. ఆ పిల్లకి ఇక భయం లేదు. ఈ ఉద్యోగం చేసినందుకు అన్నేళ్ళలో మొదటిసారి నాకు సంతోషం కలిగింది. పట్టింది, బ్రహ్మాండంగా పట్టింది అని గట్టిగా చెప్పాను.

పిల్ల చెయ్యి వెనక్కి పోయింది. పిల్లని ముసలామెకి ఇచ్చి పంపేసినట్టుంది. ఆమె కంప పక్కనే కూర్చుంది. ముళ్ళ మధ్య నించి ఆమె మొహం సగమే కనపడుతోంది.

"మా గుంటడికి ఇలా రానేదు," అంది.

నేను సూదుల సంచీ దగ్గరికి లాక్కున్నాను.

"సెయ్యి సదునుగా ఉండీది. నువ్వు సూసినావు. ఇలాటివి ఉంటాయని నాకు తెల్దు. నీకు తెలుసు కదా బాబూ."

"తెలుసు," అన్నాను.

"మరి పట్టిందన్నావు."

ఏవేవో చెప్పవచ్చు. కొందరికి అలా కూడా పడుతుందని చెప్పవచ్చు. ఆమె నమ్మినా నమ్మేది. కానీ పదిహేను చేతులు నా ముందు నించి అప్పుడే వెళ్ళాయి. వాటికి పొక్కులు లేపింది ఆమె మూడు రోజులు ఎండలో మోసుకొచ్చిన మందు. ఇంకో అబద్ధం ఆడలేకపోయాను.

"ఆ రోజు నాకు జ్వరంగా ఉంది. పట్టలేదంటే మళ్ళీ కోటకి దిగాలి, మళ్ళీ మందు తెచ్చుకుని ఎక్కాలి. అలిసిపోయానమ్మా. అందుకని అలా చెప్పాను," అన్నాను.

ఆమె ఏడవలేదు. కేక వెయ్యలేదు. ఊళ్ళో వాళ్ళని పిలిచి చెబుతుందేమోనని చూశాను, అదీ చెయ్యలేదు. కాళ్ళ పగుళ్ళకి మైనం రాసుకుని ఉంది. చివరికి నిజంగా అర్థం కాక అడుగుతున్నట్టు నెమ్మదిగా అంది.

"అలిసిపోనానని ఆ రోజే సెప్పీసుంటే సరిపోను కదా బాబూ. మందు నానే మోసుకొచ్చీదాన్ని."